నూట ఇరవై ఏడో పన్ను

ఆ బుధవారం పొద్దున్నించీ పోశయ్యకు ఒకటే చిరాకు. చిరాకని మర్యాదకు అంటున్నాం గాని, నిజానికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది మనిషికి. జూన్ నెల. ముసఫాలో రేకుల షెడ్డు. గోడకున్న కూలర్ చల్లగాలికి బదులు తడిగాలి కొడుతోంది. అందులో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పళ్ళెమంత ఇనుప చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని పళ్ళు లెక్కపెడుతున్నాడు. యాభై ఎనిమిది దాకా వచ్చాడో లేదో, బయట ముదీర్ షాహబాజ్, అంటే షెడ్డు మేనేజరు, కారు హారన్ కొట్టాడు. లెక్క తప్పింది.

"వీని హారన్ల మన్నువడ!" అని పోశయ్య మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టాడు.

జగిత్యాల దగ్గర ఊళ్ళో ఈయన్ని దుబాయ్ పోశయ్య అంటారు. ఇరవై ఒక్కేళ్ళలో ఆయన దుబాయ్ ఊరిని చూసింది మూడుసార్లు. మూడుసార్లూ డేరా బజారులో సామాన్లు కొనుక్కుని సాయంత్రానికి తిరిగొచ్చాడు. మిగతా బతుకంతా అబూదబీ పక్కన ముసఫాలో పని, మఫ్రఖ్ క్యాంపులో నిద్ర. వచ్చింది మేస్త్రీ కింద కూలీ వీసా మీద. రెండేళ్ళు సిమెంటు దిమ్మలు మోశాడు. ఒకరోజు కాంక్రీటు మిక్సర్ ఇరుసు పట్టుకుని ఈ వర్క్‌షాపుకొచ్చి, లేత్ మీద ఇనుము జిలేబీలా చుట్టలు చుట్టలుగా లేచి రావడం చూసి అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు లేత్ దగ్గరున్నది కోనసీమ మనిషి త్రిమూర్తులు. "ఏటయ్యా అలా చూస్తున్నావ్, నేర్చుకుంటావా?" అని నవ్వుతూ అడిగాడు. పోశయ్య నేర్చుకున్నాడు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ను బతిమాలి వీసా మార్పించుకున్నాడు. పదేళ్ళు తిరిగేసరికి జనం ఆయన్ని కూడా ఉస్తాద్ అన్నారు.

ఉస్తాద్ అన్న ఆ పిలుపే ఇప్పుడు పోయేలా ఉంది.

విషయం ఇదీ. మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో తూము తలుపుల్ని పైకెత్తే స్పిండిళ్ళు రెండు కావాలని ఆర్డరొచ్చింది. స్పిండిల్ అంటే ఏమీ లేదు, మనిషి ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ, దాని నిండా మరలు. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఆరు మిల్లీమీటర్లు. దాని మీద తిరిగే కంచు నట్టు పార్టీ వాళ్ళే ఇచ్చారు, నాలుగు వేళ్ళ పొడవుంటుంది. పోశయ్య మొదటి స్పిండిల్ కోశాడు. నట్టు ఎక్కించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు వెన్నలా వెళ్ళింది, అయిదో చుట్టు దగ్గర కరుచుకుపోయింది. సరే, నలుసు ఏదో పడి ఉంటుందని రెండోది కోశాడు, ఊపిరి బిగబట్టి, చెమట కళ్ళలో పడకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని. మళ్ళీ అయిదో చుట్టు దగ్గరే ఆగింది.

షాహబాజ్ అరవలేదు. అరిచినా బాగుండేది. అద్దాల గదిలోకి పిలిచి, చాయ్ ఇప్పించి, మెల్లగా చెప్పాడు. మిగిలినవి రెండు కడ్డీలు. గురువారం సాయంత్రానికి ఒక స్పిండిల్ చేతికి రావాలి. ఇదీ చెడితే పోశయ్య కోత మిషన్ దగ్గరికి వెళ్ళాలి, లేత్ మీదికి షార్జా నుంచి వేరే మనిషి వస్తాడు. "బురా మత్ మాన్‌నా ఉస్తాద్, ఉమర్ హో జాతీ హై" అని భుజం తట్టాడు. వయసైపోతుందట! నలభై తొమ్మిదికే!

పోశయ్యకు కోపం రావాలి. వచ్చింది కూడా, కాని దాని అడుగున భయం ఉంది. నిజంగానే చెయ్యి పోయిందా? ఇదే లేత్ మీద రోజూ బోల్టులు కోస్తున్నాడు, మామూలు నట్లు చక్కగా ఎక్కుతున్నాయి. మిషన్ బాగానే ఉన్నట్టే కదా. మిషన్ బాగుంటే చెడ్డది మనిషే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మిషన్ మీద నెపం పెట్టడం టర్నర్‌కు చావుతో సమానం. రాత్రి క్యాంపులో అన్నం తింటూ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని వణుకుతోందా అని చూసుకున్నాడు. వణకలేదు. అయినా నమ్మకం కలగలేదు.

కోత మిషన్ దగ్గరికి వెళ్ళడమంటే ఏమిటో ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ రెండేళ్ళ పైచిలుకుగా త్రిమూర్తులు ఉన్నాడు. అవును, పని నేర్పిన త్రిమూర్తులే. రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో ఒక ప్రెస్సుకు పొడవాటి మర కోసి పాడుచేశాడు. మళ్ళీ కోసి మళ్ళీ పాడుచేశాడు. అప్పుడాయన్ని ఇదే లేత్ మీదినించి దింపి, కడ్డీలు ముక్కలుగా కోసే రంపం దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు అరవై ఒకటి నిండాయి. వచ్చే నెల పదో తారీఖుకు వీసా ముగుస్తుంది, మళ్ళీ చేయించనని షాహబాజ్ చెప్పేశాడు, టికెట్టు కూడా కొన్నారు. త్రిమూర్తులు మాత్రం పొద్దున్నే వచ్చి, కడ్డీ బిగించి, రంపం ఆన్ చేసి, అది తెగేదాకా కూనిరాగాలు తీస్తూ కూర్చుంటాడు. ఆ కూనిరాగం వింటే పోశయ్యకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకెక్కుతుందో ఆయన ఎప్పుడూ తవ్వి చూసుకోలేదు.

ఇక ఈ చక్రం సంగతి.

మూడో కడ్డీ మొదలుపెట్టే ముందు మంచి పాత కటింగ్ టూల్ దొరుకుతుందేమోనని పోశయ్య అలమర కింద చెయ్యి పెట్టాడు. అక్కడ పెద్ద నూనె డబ్బా ఒకటుంది. పాత షెడ్డు నుంచి ఇక్కడికి మారినప్పుడు లేత్ విడిభాగాలన్నీ అందులో కుక్కి తెచ్చారు, తర్వాత ఎవరూ దాని ముఖం చూడలేదు. గుమ్మరించాడు. చక్ దవడలు, తుప్పు పట్టిన తాళాలు, ఏవో స్ప్రింగులు, ఎండిన బల్లి, అడుగున గోనెగుడ్డలో చుట్టిన బరువైనదేదో. గుడ్డ విప్పితే గ్రీజు నల్లగా బెల్లంపాకంలా గడ్డకట్టి ఉంది. కిరసనాయిలుతో కడిగితే చక్రం బయటపడింది. చుట్టూ పళ్ళు, మధ్యలో ఇరుసు బొక్క. పేరు లేదు, నంబరు లేదు. మంచి ఇనుము. పళ్ళు అరిగాయి గాని ఒక్కటీ విరగలేదు.

ఇదేమిటని అడగడమే ఆయన చేసిన పాపం. తలా ఒక మాట చెప్పడానికి తయారయ్యారు.

ఎదురుగా పాత ఇనుము కొనే లాల్ అహ్మద్ మొదట వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు, ఇనుము వాసన తగిలితే ఆయన కాళ్ళు ఆగవు. చక్రాన్ని గిర్రున తిప్పి, ఇది కీమా మిషన్‌దని తేల్చేశాడు. పెషావర్‌లో వాళ్ళ మామ దుకాణంలో ఇలాంటిదే ఉండేదట. ఇచ్చేస్తే తూకానికి కొంటానన్నాడు. షాహబాజ్ వచ్చి షట్టర్ పైకెత్తే యంత్రానిదన్నాడు, రెండు నిమిషాల తర్వాత కాదు క్రేనుదన్నాడు. త్రిమూర్తులు రంపం ఆపి, నెమ్మదిగా నడిచొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకుని, "దీన్ని నేనెక్కడో చూశానయ్యా" అన్నాడు.

"ఏడ జూసినవన్నా?" అని పోశయ్య ఆశగా అడిగాడు.

"అదే గుర్తు రావట్లేదు."

"మరెందుకు జెప్పినట్టు?"

"చూశానన్న సంగతి గుర్తొచ్చింది కదా, చెప్పాను. ఆయ్." త్రిమూర్తులు మళ్ళీ రంపం దగ్గరికి వెళ్ళిపోయాడు. కూనిరాగం మొదలైంది. పోశయ్య పళ్ళు పటపట కొరికాడు.

కొరుకుతూనే లేత్ పక్కనున్న గేర్ల మూత తెరిచాడు. ఆ మూత గ్రీజు పెట్టడానికి తప్ప ఎప్పుడూ తెరవరు. వేగం మార్చాలన్నా, మర మార్చాలన్నా బయట మీటలున్నాయి. లోపల చక్రాలు తిరుగుతాయి, అంతే, కడుపులో పేగులున్నట్టు. ఒళ్ళోని చక్రాన్ని లోపలి పెద్ద చక్రం పక్కన పెట్టి చూశాడు. అచ్చం అదే. అదే వెడల్పు, అదే బొక్క. పరిమాణంలో వెంట్రుకవాసి తేడా ఉన్నట్టుంది, లేనట్టుంది. ఓహో, ఇది దీని జోడీ అన్నమాట, అరిగితే వేసుకోవడానికి ఉంచారు అనుకున్నాడు. అక్కడితో వదిలేస్తే గొడవ లేదు. కాని ఉస్తాద్ బుద్ధి ఊరుకోదు కదా. జోడీ అయితే పళ్ళు సమానం ఉండాలి, లెక్కపెడదాం అనుకున్నాడు.

మొదటిసారి నూట ఇరవై ఎనిమిది వచ్చింది. రెండోసారి నూట ఇరవై అయిదు. మూడోసారి హారన్. లాల్ అహ్మద్ తాను లెక్కపెడతానని లాక్కుని నూట ఇరవై అన్నాడు, ఆయనకు సున్నాతో ముగిసే అంకెలంటే ఇష్టం. షాహబాజ్ నిలబడే లెక్కపెట్టి నూట ముప్ఫై అన్నాడు. ఒక్క చక్రం, నాలుగు లెక్కలు. పోశయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ సమయంలోనే ఫోను మోగింది. భార్య బాలవ్వ, వీడియో కాల్.

"ఏంది, మొఖం గట్ల వెట్టినవ్?"

"ఉండు! తొంభై ఒకటి, తొంభై రెండు..."

"ఏం లెక్కవెడ్తున్నవ్?"

"చక్రం పండ్లు! నీ వల్ల మళ్ల తప్పింది, సాలు!"

బాలవ్వ నవ్వలేదు. ఫోనును దగ్గరికి పెట్టుకుని ఆ చక్రాన్ని చూసింది. "గట్లనా లెక్కవెట్టుడు? ఒకటి రెండు అనుకుంట నూటిదాక పోతే ఎవడన్న తుమ్మినా తప్పుతది. ఇరవై అయిదుకొక కట్ట గట్టు. కట్టకో గీత గియ్యి. బీడీలు మేం గట్లనే గదా చేసేది. ముప్ఫై ఏండ్లు చుట్టిన, కార్ఖానాల ఒక్కనాడు నా లెక్క తక్కువ రాలే. నువ్వు దుబాయ్‌ల ఉస్తాద్‌వి గాని లెక్క రాదాయె."

ఆమె పెట్టేసింది. ఏదో చెబుదామని ఫోను చేసినామె, ఆ సంగతే చెప్పకుండా పెట్టేసింది. పోశయ్య కాసేపు ఫోనును తిట్టుకున్నాడు. తర్వాత సుద్దముక్క తీసుకున్నాడు. మొదటి పంటికి గుర్తు పెట్టాడు. ఇరవై అయిదు, గీత. మళ్ళీ ఇరవై అయిదు, గీత. ఈసారి లాల్ అహ్మద్ ఏదో అడిగితే చెయ్యెత్తి ఆగమన్నాడు, అయినా లెక్క తప్పలేదు. అయిదు కట్టలు నిండాయి. మొదటి గుర్తు దాకా ఇంకా రెండు పళ్ళు మిగిలాయి. నూట ఇరవై ఏడు. తుడిచేసి మళ్ళీ లెక్కపెట్టాడు. అయిదు కట్టలు, రెండు.

ఇప్పుడు మిషన్‌లో ఉన్న చక్రం. మూతలో మెడ పెట్టి, వంగి, నడుము విరిగిపోతుంటే దానికీ కట్టలు కట్టాడు. అయిదు కట్టలు, ఒకటి. నూట ఇరవై ఆరు.

"షాహబాజ్ భాయ్! ఏక్ దాంత్ కమ్ హై!" అని కేకేశాడు.

షాహబాజ్ వచ్చి రెండు చక్రాల్నీ చూసి నవ్వాడు. ఒక్క పన్నా? తన నోట్లో నాలుగు పళ్ళు లేవని, అయినా రోజూ మాంసం తింటున్నానని నోరు తెరిచి చూపించాడు. పోశయ్య అటు చూడలేదు. ఈ చక్రం ఎక్కడిదని గట్టిగా నిలదీశాడు. నీళ్ళు నమిలి నమిలి చివరికి ముదీర్ చెప్పాడు. రెండువేల ఇరవై ఒకటి నవంబరులో షెడ్డు మారినప్పుడు సామాను మోసినవాళ్ళు లోపలి చక్రం ఒకటి పోగొట్టారు. కఫీల్‌కు తెలిస్తే గోల. అందుకని ఎవరికీ చెప్పకుండా షార్జాలో ఒకడి చేత కొత్తది కోయించాడు. ఎన్ని పళ్ళు కావాలని వాడు అడిగాడు. ఖాళీ ఇంతుంది, ఇందులో పట్టేలా కోసేయమన్నాడు. పట్టింది, తిరిగింది. ఖలాస్.

ఖలాసట! పోశయ్యకు ఒళ్ళు మండింది. కాని ఒక్క పన్ను తేడాకు స్పిండిల్ పాడవుతుందా అన్నది తేలాలి కదా. కోపంతో పాడైన స్పిండిల్ దగ్గరికెళ్ళాడు. ఒక్కో చుట్టునూ గేజీ పెట్టి కొలిచి చూసుకున్నదే కదా, ఎక్కడా తప్పు లేదు. ఒక్కో చుట్టు సరే. అన్నీ కలిపి? ఆ మాట తోచగానే స్టీలు టేపు తీశాడు. ఆరు మిల్లీమీటర్ల చుట్లు వంద ఉంటే ఆరువందలుండాలి. నాలుగు కట్టలు కట్టాడు, వంద చుట్లు. టేపు లాగాడు. ఆరువందల నాలుగు దాటి, ఆరువందల అయిదుకు కొంచెం ఇవతల.

నేల మీద చతికిలబడ్డాడు. ఒక్కో చుట్టులో అర వెంట్రుకంత తేడా. పొట్టి నట్టుకు తెలియదు, అందుకే బోల్టులన్నీ బాగున్నాయి. పొడుగు నట్టు ఎక్కేకొద్దీ ఆ తేడాలన్నీ పోగై కరుచుకుంటుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, టేపు పెట్టి నిలువునా కొలిచి ఉంటే బయటపడేది. చుట్టు చుట్టూ సన్నంగా చూసుకున్నాడు గాని పొడవు చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంకా ఒక ముడి మిగిలింది. అసలు ఉండాల్సింది ఏ చక్రం, నూట ఇరవై ఆరా, ఏడా? నూట ఇరవై ఏడంటే దేనితోనూ తెగని సంఖ్య. మంచి కొలతలన్నీ వదిలేసి ఎవడైనా ఏడు పెడతాడా? మూత లోపలి వైపు ఇత్తడి రేకు ఒకటుంటుంది పాత మిషన్లకు, దాని మీద చక్రాల లెక్కలు చెక్కి ఉంటాయి. ఇక్కడా ఉంది, కాని కనపడదు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే షాహబాజ్ ముందు చేసే పని పచ్చరంగు డబ్బా తెప్పించడం. మిషన్, మూత, మీటలు, రేకు అన్నిటికీ కలిపి ఒకటే పూత. మూడు పూతలు పడ్డాయి దాని మీద. పోశయ్య థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దాడు. గోటితో గీకాడు. గోరు విరిగింది. పచ్చదనం కింద ఇత్తడి మెరిసింది, అంకెలు ఒక్కొక్కటే లేచాయి. పెద్ద చక్రం బొమ్మ పక్కన: 127.

"త్రిమూర్తన్నా! ఇటురా జర!"

త్రిమూర్తులు వచ్చి రేకు చూశాడు. "ఇదే! ఆ చక్రాన్నీ, ఈ అంకెనీ నేను చూసింది ఇక్కడే. వచ్చిన కొత్తలో. ఎందుకయ్యా ఏడు అని నాకు ముందున్న ఉస్తాద్‌ని అడిగితే, నోరు మూసుకుని గ్రీజు పెట్టమన్నాడు."

ఎందుకు ఏడు? పోశయ్య చేతిలో టేపు ఇంకా తెరిచే ఉంది. దానికి ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు. ఊరికే చూస్తున్నాడు. ఒకటి దగ్గర కలవలేదు, రెండు దగ్గర కలవలేదు. అయిదో అంగుళం గీతకు ఎదురుగా, అటు అంచున పన్నెండు సెంటీమీటర్ల తర్వాతి ఏడో గీత నిక్కచ్చిగా నిలబడి ఉంది. అంటే నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు.

ఈ లేత్ ఇంగ్లీషు వాళ్ళది, అంగుళాల మిషన్. చేసే పనేమో మిల్లీమీటర్లలో. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరి మధ్య దుబాసీలా ఈ చక్రాన్ని పెట్టారు. అయిదు అంగుళాలకు నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు, అందుకని నూట ఇరవై ఏడు పళ్ళు. ఒక్క పన్ను తీసేస్తే దుబాసీ ప్రతి వాక్యంలో ఒక అబద్ధం చెబుతాడు.

మిగిలిన పని గురువారం చేశాడు. పాత చక్రం బిగించి, పక్క చక్రాన్ని వెంట్రుకవాసి జరిపి, ముందు కడ్డీ మీద గీత పడీపడనట్టు ఒక సన్న కోత పెట్టి, వంద చుట్లు కొలిచాడు. ఆరువందలు, ఖచ్చితంగా. అప్పుడు కోయడం మొదలుపెట్టాడు. చాయ్‌కి లేవలేదు. భోజనానికి లేవలేదు. మధ్యాహ్నం మూడింటికి కంచు నట్టు ఎక్కించాడు. నాలుగు. అయిదు. ఆరు. నట్టు ఆగలేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క వేలితో తిప్పితే తిరిగింది.

షాహబాజ్ గదిలోంచి పరుగున వచ్చి పోశయ్య వీపు మీద చరిచాడు. "దేఖా! ఉస్తాద్ కా హాథ్ వాపస్ ఆ గయా!"

చెయ్యి తిరిగొచ్చిందట. ఎక్కడికి పోయి తిరిగొచ్చింది? పోశయ్యకు రెండు రోజుల మంట ఒక్కసారి పైకొచ్చింది. "హాథ్ కహీఁ నహీఁ గయా థా, భాయ్! హాథ్ యహీఁ థా! తేరా చక్కా ఖరాబ్ థా!" అని షెడ్డు అదిరేలా అరిచాడు, చెయ్యి ఎక్కడికీ పోలేదని, చెడ్డది నీ చక్రమేనని.

అరిచాక చూశాడు. కోత మిషన్ దగ్గర రంపం ఊరికే తిరుగుతోంది, దాని కింద కడ్డీ లేదు. త్రిమూర్తులు చేతిలో కడ్డీ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆయనకు హిందీ బాగా వచ్చు.

నూనె డబ్బా గుమ్మరించినప్పటి నుంచీ పోశయ్య తన చేతి గురించే ఆలోచించాడు. ఈ షెడ్డులో మరో చెయ్యి కూడా ఉందని తట్టలేదు. నవంబరులో చక్రం మారింది. ఫిబ్రవరిలో త్రిమూర్తులు ప్రెస్సు మర చెడింది. లెక్క ఎంత సులువు!

"రెండోది నేను కొయ్య" అన్నాడు షాహబాజ్‌తో హిందీలో. "మూర్తన్న కోస్తాడు."

షాహబాజ్ తెల్లబోయాడు. ముసలాయన టికెట్టు కొనేశామని, వీసా కాగితాలు వెళ్ళిపోయాయని, ఇప్పుడు ఆ మిగిలిన ఒక్క కడ్డీ పాడైతే కఫీల్ తనను తింటాడని మొత్తుకున్నాడు. పోశయ్య లేత్ స్విచ్చి ఆపేసి, చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు. "అయితే షార్జా మనిషిని పిలుసుకో. నేనైతే ముట్ట." ముదీర్ ఒకసారి లేత్ వైపు, ఒకసారి గడియారం వైపు చూసి, యల్లా యల్లా అని చెయ్యి విసిరి గదిలోకి వెళ్ళిపోయాడు.

త్రిమూర్తులు వెంటనే రాలేదు. రంపం ఆపాడు. కడ్డీ గోడకు ఆనించాడు. సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, వేళ్ళ సందుల్లో కూడా. కళ్ళజోడు తుడిచాడు. ఆ నిదానానికి ఇంకో రోజైతే పోశయ్య జుట్టు పీక్కునేవాడు. లేత్ దగ్గరికొచ్చి మీట మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఊరికే ఉంచాడు. తర్వాత ఆన్ చేశాడు.

తొందర పని కాబట్టి శుక్రవారమూ సెలవు లేదు. త్రిమూర్తులు శుక్రవారం పదకొండింటికి కోత ముగించాడు. కూనిరాగం లేదు ఈసారి. నట్టు తీసుకుని ఎక్కించి, మెల్లగా తిప్పాడు. అయిదో చుట్టు దగ్గర ఆయన వేళ్ళు వాటంతటవే గట్టిపడ్డాయి. నట్టు దాటి వెళ్ళిపోయింది. చివరి దాకా వెళ్ళింది.

"అన్నా" అన్నాడు పోశయ్య. "నీకొకటి జెప్పాలె. అప్పుడు నీ మర చెడినప్పుడు, ముదీర్ నన్ను గదిలకు పిలిచి అడిగిండు, ఏం సంగతని. మూర్తన్న చెయ్యి పోయింది, కండ్లు గూడ పోయినయ్ అని జెప్పింది నేనే. మిషన్‌ను జూడలే, మూత తెరవలే. ఊకెనే జెప్పేసిన."

త్రిమూర్తులు నట్టు వైపే చూస్తున్నాడు.

"నాకు తెలుసయ్యా" అన్నాడు. "షాహబాజ్ అప్పుడే చెప్పాడు, నీ శిష్యుడే అంటున్నాడు అని. గ్రీజు పెడుతుంటే చక్రం కొత్తగా ఉందేంటా అని ఒకసారి అనిపించింది నాకు. మళ్ళీ మూత తెరిచి సరిగా చూద్దామనుకున్నాను. మరి నువ్వే అలా అన్నావంటే ఇంక చూసేదేముంది? నేను దగ్గరుండి నేర్పినోడివి. నా చెయ్యి సంగతి నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని నమ్మేశాను. ఆయ్."

హారన్ మీదా, లాల్ అహ్మద్ మీదా, పచ్చరంగు మీదా ఇన్నాళ్ళూ విసుక్కున్న పోశయ్యకు, విసుక్కోవడానికి ఇప్పుడు తనొక్కడే మిగిలాడు. త్రిమూర్తులు నట్టును వెనక్కి తెచ్చి, మళ్ళీ మొదటి చుట్టు నుంచి తిప్పడం మొదలుపెట్టాడు.